నీళ్ళు కారే పొడి కళ్ళు

"మీ కళ్ళు పొడిబారిపోయాయమ్మా" అంది డాక్టరమ్మ.

ఆమె ఆ మాట అనేటప్పటికి నా చేతిలో చేతిరుమాలు తడిసి ముద్దై వుంది. పొద్దుటినుంచీ కళ్ళు కారుతూనే వున్నాయి. నాకు నవ్వొచ్చింది. "ఇన్ని నీళ్ళు కారుతుంటే పొడిబారడమేంటి మేడమ్?" అని అడిగాను. బయట బెంచీలమీద ఇంకా నలభైమంది కూర్చుని వున్నారు. ఆమె గడియారం వైపు చూసి, "ఆ నీళ్ళు కారడం కూడా దాని లక్షణమేనమ్మా. ఇందులో అన్నీ రాసున్నాయి, చదువుకోండి" అని రెండు పేజీల కాగితం చేతిలో పెట్టింది. రోగికి జబ్బు గురించి తెలియజెప్పడం అంతటితో పూర్తయింది.

ఆ డాక్టరమ్మ మీద నాకు కోపం లేదు. ఒక్కో మనిషికి నాలుగు నిమిషాలు మాత్రమే దొరికే చోట ఆమె మాత్రం ఏంచేస్తుంది? కానీ ఆ కాగితం గురించి మాట్లాడాలి. అది ఇంగ్లీషులో వుంది. పైన బొమ్మలో టై కట్టుకున్న మగాయన కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళు నలుపుకుంటున్నాడు. డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్తున్న నేను దాన్ని డిక్షనరీ లేకుండా చదవగలను. నా పక్కన బెంచీమీద కూర్చున్న ముసలామె అదే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మందుల చీటీతోపాటు రొంటిన దోపుకుంది.

ఇంటికొచ్చాక తెలిసిన సంగతులు ముందు చెప్తాను. కన్నీరంటే నీరే అనుకుంటాం. కాదట. కంటిమీద పరుచుకుని వుండే ఆ పల్చటి పొరలో కనుగుడ్డుని అంటిపెట్టుకునే జిగురు, దానితో కలిసి నీరు, అన్నిటికీ పైన నూనె వుంటాయి. ఆ నూనె రెప్పల అంచుల్లో వరసగా వున్న చిన్న గ్రంథులనుంచి ఊరుతుంది. 1666లో వాటిని వర్ణించిన హైన్రిఖ్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడి పేరుతో వాటిని మైబోమియన్ గ్రంథులంటారు. నూనె చాలకపోతే నీరు త్వరగా ఆవిరైపోతుంది. కన్ను మండుతుంది. ఆ మంటకి శరీరం కంగారుపడి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. నూనె ఆసరాలేని ఆ నీళ్ళు కంటిమీద నిలవవు, చెంపలమీదికి జారిపోతాయి. బీడుపడ్డ నేలమీద గాలివాన కురిసి వెళ్ళిపోయినట్టన్నమాట.

నాకు రెండు పరీక్షలు చేశారు. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు వుంచారు. 1903లో ఒట్టో షిర్మర్ అనే డాక్టరు చెప్పిన పరీక్ష ఇది, ఇప్పటికీ వాడుతున్నారు. కాగితం పది మిల్లీమీటర్లు దాటి తడిస్తే సాధారణంగా ఫరవాలేదంటారు. ఐదుకి లోపలైతే నీరు బాగా తక్కువున్నట్టు. నాది పద్నాలుగు. అంటే నీటికి లోటులేదు. తర్వాత కంట్లో పసుప్పచ్చ రంగు వేసి, నీలం వెలుగులో చూస్తూ, రెప్ప వెయ్యకుండా వుంటే ఆ పొర ఎన్ని సెకన్లకి చిట్లుతుందో లెక్కపెట్టారు. పది సెకన్లకన్నా ముందే చిట్లితే జబ్బున్నట్టే. నాది మూడో సెకనుకే చిట్లింది.

ఈ మూడు సెకన్ల సంగతి తెలియక నేను రెండేళ్ళు ఎన్ని మాటలు పడ్డానో! స్పాట్ వాల్యుయేషన్లో ఫ్యాను కింద కూర్చుని పేపర్లు దిద్దుతుంటే కళ్ళు కారేవి. పక్కన కూర్చున్న లెక్చరరు గొంతు తగ్గించి "ఇంట్లో అంతా బాగానే వుంది కదా మేడం?" అని అడిగేవాడు. క్లాసులో కరుణరసం చెప్తుంటే నీళ్ళు జారి పిల్లలు నిశ్శబ్దమైపోయారు. ఒకసారి స్టాఫ్ మీటింగులో నేను ప్రమోషన్ల విషయం అడుగుతూ వుండగా కళ్ళు కారడం మొదలైంది. "ఎమోషనల్ అవకండి మేడం, కూర్చోండి" అన్నారు. నేను ఎమోషనల్ అవలేదు. చాలా స్పష్టంగా, లెక్కలతో మాట్లాడుతున్నాను. కానీ ఆడదాని కంట నీరు కనబడ్డాక ఆమె లెక్కలు ఎవరు వింటారు?

ఇక ఆ కాగితంతోపాటు ఇచ్చిన పన్నెండు ప్రశ్నల పట్టిక. ఎన్నో దేశాల్లో వాడతారు దీన్ని. కళ్ళల్లో గరగర వుందా, వెలుతురు చూడలేకపోతున్నారా, చూపు మసకగా వుందా అని ముందు అడుగుతుంది. ఆ తర్వాత, గడిచిన వారంలో ఏ పనులకి ఇబ్బంది కలిగిందని అడుగుతుంది. చదవడానికి, రాత్రిపూట కారు నడపడానికి, కంప్యూటరుగానీ ఏటీఎంగానీ వాడటానికి, టీవీ చూడటానికి. ఆపైన గాలి, తేమలేని చోట్లు, ఏసీ గదులు. అంతే.

నేను పగలే కారు నడపను, ఇంక రాత్రి మాటేంటి! పోపు ఘాటు గురించి ఒక్క ప్రశ్న లేదు. ఉల్లిపాయలు లేవు. పొయ్యి పొగ లేదు, ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము లేదు. సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్ళేరడం లేవు. మన ఆడవాళ్ళ కళ్ళు రోజంతా చేసే పనుల్లో ఒక్కటీ ఆ పట్టికలోకి ఎక్కలేదు. వంటింట్లో ఇబ్బంది పడే మనిషి పనుల గురించి అడిగే ప్రశ్నలకి 'వర్తించదు' అని టిక్కు పెట్టుకుంటూ పోవాలి.

ఇంత విమర్శ చేస్తున్నదాన్ని, నేను చేసిన పని కూడా చెప్పాలి.

మా అమ్మకిప్పుడు ఎనభై ఒకటి. నా చిన్నప్పుడు మా పల్లెటూళ్ళో కట్టెల పొయ్యి, ఊకపొయ్యి రెండూ వుండేవి. గ్యాస్ వచ్చేటప్పటికి అమ్మకి నలభై దాటాయి. ఆ వయసునుంచే "కళ్ళల్లో ఇసుక పోసినట్టుందే" అనేది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి వేళ్ళతో విడదీసుకునేది. నోరు ఎండిపోతోందని పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకునేది. మజ్జిగ లేకుండా ముద్ద దిగేది కాదు. యాభై ఐదేళ్ళకే పళ్ళు చాలావరకు పోయాయి. చేతివేళ్ళ కణుపులు నొప్పులు. ఇవన్నీ ఒక్కొక్కటిగా ఇంట్లో అందరికీ తెలుసు. వాటిని ఒకచోట పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

నాన్న పోయినరోజు అమ్మ కంట చుక్క నీరు రాలేదు. కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా వున్నాయి, కొంగుతో ఒత్తుకుంటూనే వుంది, కానీ కొంగు తడవలేదు. "నలభై ఏళ్ళు కాపురం చేసి కంటనీరు పెట్టదే!" అని మా మేనత్తలు నాకు వినబడేలాగే అనుకున్నారు. అమ్మకీ వినబడింది. ఆ మాట ఆమెని భర్త చావుకన్నా ఎక్కువ కాలం బాధపెట్టింది. "ఏడుపొచ్చిందే, నీళ్ళే రాలేదు" అని ఎన్నిసార్లు చెప్పిందో నాకు. నేను దాన్ని దుఃఖం గడ్డకట్టడం అనుకున్నాను. స్త్రీల కవిత్వంలో కన్నీరు అనే అంశంమీద నేనప్పుడు పరిశోధన వ్యాసం రాస్తున్నాను. అమ్మ మాటని అందులో ప్రతీకగా వాడుకున్నాను కూడా. సెమినార్లో చప్పట్లు కొట్టారు. అమ్మ కంటిని మాత్రం ఎవరికీ చూపించలేదు.

మంట భరించలేక అమ్మ మందులషాపులో అడిగి ఒక చుక్కల మందు తెచ్చుకునేది. వేసుకోగానే ఎరుపు తగ్గేది, హాయిగా వుండేది. అయిపోగానే ఖాళీ సీసా చూపించి ఇంకోటి తెప్పించుకునేది. సెలవులకి వెళ్ళినప్పుడు నేనే రెండు మూడుసార్లు తెచ్చిచ్చాను. అది స్టెరాయిడ్ మందు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దిరోజులు వాడితే మేలు చేసేదే. కంటి ప్రెషర్ చూపించుకోకుండా ఏళ్ళ తరబడి వాడితే ఆ ప్రెషర్ పెరిగి, చూపు నరాన్ని లోపల్లోపలే తినేస్తుంది. నీటికాసులంటారు. నొప్పి వుండదు కాబట్టి తెలియదు. అమ్మ గుమ్మాలకి భుజాలు కొట్టుకుంటోందని గమనించి తీసుకెళ్ళేసరికి రెండు పక్కలా చూపు పోయింది. పోయిన చూపు తిరిగి రాదు. ఆరోజు షిర్మర్ కాగితం అమ్మ కళ్ళల్లో రెండేసి మిల్లీమీటర్లే తడిసింది.

సీసామీద చిన్న అక్షరాల్లో మందు పేరుంది. నేను చదవగలను. చదవలేదు.

అప్పుడు మొదలుపెట్టాను ఈ జబ్బు గురించి చదవడం. 1933లో స్వీడన్లో హెన్రిక్ షోగ్రెన్ అనే కంటి డాక్టరు తన పరిశోధన గ్రంథంలో పంతొమ్మిదిమంది రోగుల గురించి రాశాడు. కళ్ళు ఎండిపోవడం, నోరు ఎండిపోవడం, చాలామందికి కీళ్ళనొప్పులు. పంతొమ్మిదిమందీ స్త్రీలే. ఈ మూడూ వేర్వేరు బాధలు కావు, ఒకే జబ్బు అని ఆయన అన్నాడు. ఆ గ్రంథానికి పెద్ద విలువ కట్టలేదు, అధ్యాపకుడయ్యే అర్హత కూడా ఇవ్వలేదు. తర్వాత ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు. శరీరం తన గ్రంథులమీద తనే దాడి చేసుకునే జబ్బది. ఇవాళ్టికీ ఆ రోగుల్లో పదికి తొమ్మిదిమంది స్త్రీలే. అమ్మకి వున్నది అదేనని ఇప్పుడు నేను తీర్పు చెప్పడంలేదు. సమయంలో ఎవరూ ఆ పరీక్షలు చేయించలేదని మాత్రమే చెప్తున్నాను.

షోగ్రెన్ జబ్బు లేకపోయినా పొడి కళ్ళు ఆడవాళ్ళలోనే ఎక్కువ. రెప్పల్లోని నూనె గ్రంథులు పనిచెయ్యడానికి ఆండ్రోజన్లు కావాలి. మగ హార్మోన్లంటాం గానీ అవి మన ఒంట్లోనూ వుంటాయి, తక్కువగా. వయసుతో అవీ తగ్గుతాయి. బహిష్టులు ఆగాక ఈస్ట్రోజన్ మాత్రలు వాడితే కళ్ళు కూడా బాగుపడతాయని అనుకునేవాళ్ళు. 2001లో అమెరికాలో పాతికవేలమందికి పైగా స్త్రీలమీద జరిగిన అధ్యయనం దానికి తిరగబడింది. ఒక్క ఈస్ట్రోజన్ మాత్రమే వాడినవాళ్ళలో పొడి కళ్ళు ఎక్కువగా కనిపించాయి. మన శరీరాల గురించి ఊహలే వైద్యంగా చలామణీ అవుతుంటాయని ఇలాంటప్పుడే తెలుస్తుంది.

మా ఇంట్లో పొద్దునపూట పని చేసే ఆమె నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఆమె ఎంత చెప్పినా మేడంగారూ అనడం మానదు. సీజన్లో గుంటూరు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఒకరోజు నేను వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కళ్ళమీద వేసుకుని పడుకుంటే, "ఏంటి మేడంగారూ?" అని అడిగింది. చెప్పాను. "మా తొడిమల షెడ్డులో సగంమంది కళ్ళు ఇట్టాగే వుంటాయి. మాకూ రాసివ్వండి ఆ కాగితం" అంది.

మిరప ఘాటుకి వచ్చే మంటా పొడి కళ్ళ జబ్బూ ఒకటి కావు. కానీ రోజంతా ఘాటూ దుమ్మూ తగిలే చోట పొడి కన్ను మరీ భరించలేనిదవుతుంది. అందుకని రాయడానికి కూర్చున్నాను. నా మొదటి తర్జుమాలో 'కంటిలో అన్యపదార్థ స్పర్శ' అని రాశాను. చదివి వినిపిస్తే, "అంటే?" అంది. "కంట్లో ఏదో పడ్డట్టు వుండటం." "నలక పడ్డట్టు అనండి మరి!" అంది. 'ఉష్ణోపచారం' అని రాసిన చోట "కాపడం అనండి, అది తెలియంది ఎవరికి?" అంది. నా తెలుగు ఎమ్మే అక్కడికి సరిపోయింది. ఆ తర్వాత ఆమె చెప్తుంటే నేను రాశాను. డాక్టరమ్మకి చూపించి, ఆమె దిద్దినవి దిద్దాను. ఆ కాగితంలో వున్నవి ఇవి:

శుభ్రమైన గుడ్డ వేడినీళ్ళలో ముంచి, పిండి, మణికట్టుమీద పెట్టి చూసుకో. చురుక్కుమంటే కంటికి వద్దు. మూసిన రెప్పలమీద పది నిమిషాలు కాపడం పెట్టు. గుడ్డ త్వరగా చల్లారిపోతుంది, మళ్ళీ ముంచుకోవాలి. తర్వాత వేలితో పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమురు. గడ్డకట్టిన నూనె కరిగి వస్తుంది. రెండురోజులకి తగ్గదు. వారాల తరబడి చెయ్యాలి.

నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. ఫోనో పుస్తకమో చూస్తుంటే అది బాగా తగ్గిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో వున్నదాన్ని ఇరవై సెకన్లు చూడు. రెప్పలు పూర్తిగా మూసి తెరువు.

ఫ్యాను మొహానికి తిన్నగా తగలకుండా పడుకో. మిరపకాయలు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా కన్ను నలపొద్దు. కాటుక రెప్ప లోపలి అంచున పెట్టొద్దు, నూనె వచ్చే దారులు అక్కడే వుంటాయి.

మందు వేసుకునేటప్పుడు కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. సీసా మూతి కంటికి తగలకూడదు. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగు. రోజుకి నాలుగుసార్లకి మించి వాడాల్సివస్తే, నిలవవుండే రసాయనం కలపని మందు కావాలని డాక్టరుని అడుగు. అది ఖరీదెక్కువ. కొనలేకపోతే ఆ మాట సిగ్గుపడకుండా చెప్పు. కొన్ని అలెర్జీ మాత్రలు, కొన్ని దిగులు తగ్గించే మాత్రలు కళ్ళని పొడిబారుస్తాయి. అలాగని నీ అంతట నువ్వు మానెయ్యొద్దు, ముందు డాక్టరుని అడుగు.

షాపువాడు ఇచ్చిన ఎర్రకళ్ళ మందు వాడొద్దు. చనుబాలు, తేనె, ఆముదం కంట్లో పొయ్యొద్దు. నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా, నల్లగుడ్డుమీద తెల్లమచ్చ కనిపించినా ఆరోజే కంటి ఆసుపత్రికి వెళ్ళు. నోరు, కీళ్ళు కూడా బాధపెడుతుంటే ఆ సంగతి కంటి డాక్టరుకి కూడా చెప్పు.

రాస్తున్నంతసేపూ నాకు 'సవాలక్ష సందేహాలు' గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళకి పైగా అయింది, హైదరాబాదులో స్త్రీల ఉద్యమంలోంచి ఆ ఆరోగ్య పుస్తకం వచ్చి. మన ఒంటి గురించి మన భాషలో మనమే మాట్లాడుకోవచ్చని అది నేర్పింది. నేను దాన్ని గర్భసంచీకీ కాన్పులకీ సంబంధించిన విషయంగానే చదివి పక్కన పెట్టాను. ఆ చూపుతోనే కళ్ళనీ చూడొచ్చని నాకు తట్టలేదు.

కాగితం తయారయ్యాక అమ్మకి చదివి వినిపించాను. అన్నీ విన్నది. చనుబాలు వద్దన్న చోట నవ్వింది, నాకూ వేసింది కాబట్టి. "నందివర్ధనం పూలు పెట్టుకోవచ్చా?" అని అడిగింది. చిన్నప్పుడు పెరట్లో పూలు కోసి మూసిన కళ్ళమీద పరుచుకుని పడుకునేది. ఆ పూలవల్ల జబ్బు తగ్గుతుందని నేను చెప్పలేను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె పగటిపూట నడుం వాల్చింది ఆ కాసేపే. కళ్ళమీద పూలుంటే ఎవరూ లేపేవాళ్ళు కాదు.

తర్వాత అమ్మ అంది: "పది నిమిషాలు కాపడం పెట్టుకోమన్నావు, బానే వుంది. ఆ పది నిమిషాలూ పొయ్యి ఎవరు చూస్తారు? అది రాయలేదే?"

నాకు మాట రాలేదు. ఎందుకంటే నేనూ ఒక్కరోజు కూడా పది నిమిషాలు పూర్తి చెయ్యలేదు. మా ఇంట్లో నన్నెవరూ అడ్డుకోరు. అయినా కుక్కరు మూడో విజిల్ వెయ్యగానే గుడ్డ తీసేసి లేచేది నేనే. ఆయన హాల్లో పేపరు చదువుతూ వుంటారు. ఆ విజిల్ ఆయనకీ వినబడుతుంది. స్టవ్వు కట్టెయ్యమని ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు నేను. ఇన్నేళ్ళు స్త్రీవాదం చదివి, రాసి, ఆ ఒక్క మాట అనడానికి మొహమాటపడ్డాను.

మర్నాడు కాగితం మొదట్లోనే ఒక వాక్యం చేర్చాను. 'కాపడం పెట్టుకోబోయే ముందు, ఈ పది నిమిషాలు పొయ్యి ఎవరు చూడాలో ఇంట్లో చెప్పు.' ఆ సాయంత్రం ఆయనకి చెప్పి పడుకున్నాను. అన్నం కాస్త అడుగంటింది. తిన్నాం.

అక్క ఆ కాగితాలు యాభై జిరాక్సు తీయించుకుని షెడ్డుకి తీసుకెళ్ళింది. చదవలేనివాళ్ళకి చదివే అమ్మాయి ఒకామె అక్కడే వుందట. మీ ఊళ్ళో ఈ బాధలకి వేరే మాటలుంటే, మీ పనుల్లో కళ్ళని బాధించేవి ఇంకేమైనా వుంటే రాయండి. చేరుస్తాను. ముందు మీ అమ్మని, మీ అత్తగారిని ఒకసారి అడగండి, కళ్ళెలా వున్నాయని. ఆమె చెప్పిన మాటల్లోనే వినండి.